సినగాగు సభ్యత్వ రుసుము

సినగాగు యూదుల ప్రార్థనాలయం. ఒక వ్యక్తిగానీ కుటుంబంగానీ అందులో సభ్యులుగా నమోదై ఏటా చెల్లించే చందాను సినగాగు సభ్యత్వ రుసుము అంటారు. రబ్బీ (మతగురువు) జీతం, భవనం నిర్వహణ, పిల్లల మతబోధ, పేదలకు సాయం, శ్మశానవాటిక ఖర్చులు ప్రధానంగా ఈ చందా మీదే నడుస్తాయి. తెలుగు బైబిలులో సినగాగుకు వాడిన మాట 'సమాజమందిరం'. గుడి ఆస్తికి చట్టం దృష్టిలో యజమాని దేవుడు. సమాజమందిరానికి యజమాని సమాజమే, కాబట్టి ఖర్చూ సమాజానిదే. ప్రార్థనకు రావడానికి డబ్బు కట్టడమేమిటని తెలుగు పాఠకుడికి కలిగే మొదటి సందేహానికి సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం శనివారంలో ఉంది.

చూడండి: సమాజమందిరం, దశమభాగం, హుండీ, వక్ఫ్.

షబ్బత్, డబ్బు

యూదుల విశ్రాంతి దినం షబ్బత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటిపడి చుక్కలు కనిపించేదాకా ఉంటుంది. ఆ వేళలో పని చేయకూడదు, వ్యాపారం చేయకూడదు, రాయకూడదు. సంప్రదాయం పాటించేవారు డబ్బు ముట్టరు. అంటే వారంలో ఎక్కువ మంది మందిరానికి వచ్చే రోజే కానుక పట్టడానికి వీల్లేని రోజు. చర్చిలో ఆదివారం కానుకల సంచి వరసల మధ్య తిరుగుతుంది. గుడిలో హుండీ రోజంతా తెరిచే ఉంటుంది. సినగాగుకు ఈ రెండు దారులూ లేవు. అందుకే డబ్బు సంగతి మిగతా రోజుల్లో, ముందుగానే, లెక్క ప్రకారం తేల్చుకోవాల్సి వచ్చింది. సభ్యత్వ చందా నిలదొక్కుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ నిషేధాన్ని దాటకుండానే విరాళం చెప్పించుకునే ఉపాయాలూ పుట్టాయి. ఏడాదిలో అత్యంత పవిత్రమైన యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) ఉపవాసం మొదలయ్యే సాయంత్రం అమెరికాలోని చాలా సినగాగుల్లో కుర్చీల్లో ఒక అట్టముక్క పెడతారు. దాని అంచున చిన్న చిన్న రేకులు, ఒక్కో రేకు మీద ఒక్కో మొత్తం అచ్చయి ఉంటాయి. కలం పట్టకూడదు కాబట్టి, ఇవ్వదలచుకున్న మొత్తం ఉన్న రేకును వేలితో మడిచి తిరిగి ఇస్తారు. పండుగ గడిచాక డబ్బు పంపుతారు. విరాళాలు తరచు 18, 36, 180 లెక్కన ఉంటాయి. హీబ్రూ అక్షరాలకు సంఖ్యా విలువలున్నాయి; 'జీవం' అనే మాటలోని అక్షరాలు కూడితే 18 వస్తుంది. మన చదివింపుల్లో నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు ఎలాగో అక్కడ పద్దెనిమిదులు అలాగ.

చరిత్ర

యూదు మతంలో తలసరి చందాకు మూలం నిర్గమకాండం 30వ అధ్యాయం. 20 ఏళ్లు నిండిన ప్రతి పురుషుడూ అర షెకెల్ (తెలుగు బైబిలులో అరతులం) ఇవ్వాలి. ధనికుడు అంతకు మించి ఇవ్వకూడదు, పేదవాడు తగ్గించకూడదు. యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో ఇది ఏటా వసూలయ్యేది. అదారు నెల మొదటి రోజున చాటింపు వేసేవారనీ, 15న ఊళ్లలోనూ 25న ఆలయంలోనూ నాణేలు మార్చే బల్లలు వేసేవారనీ మిష్నా అనే ధర్మగ్రంథం చెబుతుంది. అదే నిర్గమకాండంలో 25వ అధ్యాయం మాత్రం మనసు ప్రేరేపించిన వారి నుంచి కానుక తీసుకోమంటుంది. అందరికీ ఒకే రేటా, ఎవరి ఇష్టం వారిదా అనే వాదన నేటికీ సినగాగు కమిటీల్లో సాగుతూనే ఉంది. ఇరుపక్షాలకూ ఆధారం ఒకే గ్రంథంలో, ఐదు అధ్యాయాల ఎడంలో దొరకడం విశేషం.

క్రీ.శ. 70లో రోమన్లు ఆలయాన్ని కూల్చారు. వెస్పాసియన్ చక్రవర్తి ఆ చందాను రోములోని జూపిటర్ ఆలయానికి మళ్లించి యూదుల మీద పన్నుగా మార్చాడు. తర్వాతి శతాబ్దాల్లో యూదులు ఎక్కడ స్థిరపడితే అక్కడ తమ సమాజాన్ని తామే పోషించుకున్నారు. మధ్యయుగపు ఐరోపాలో సమాజ పెద్దలు ఆస్తిని బట్టి పన్ను వేసేవారు. తూర్పు ఐరోపాలో కోషర్ మాంసం (మత నియమాల ప్రకారం కోసినది) మీద సుంకం వసూలు చేసేవారు. సినగాగులో కూర్చునే చోటు సొంత ఆస్తిలా అమ్ముడయ్యేది, వారసులకు దక్కేది.

ఈ పీట కొనుగోలు పద్ధతే అమెరికాకు వలస వెళ్లింది. 19వ శతాబ్దంలో ముందు వరసలకు ఎక్కువ ధర, వెనక వరసలకు తక్కువ. ఎవరి స్తోమత ఎంతో మందిరంలో అడుగుపెట్టగానే తెలిసిపోయేది. ఇది నచ్చని రబ్బీ స్టీఫెన్ వైజ్ 1907లో న్యూయార్క్‌లో ఫ్రీ సినగాగ్ స్థాపించాడు. ఆ పేరులోని స్వేచ్ఛకు రెండు అర్థాలు: వేదిక మీద రబ్బీ మాటకు అడ్డు ఉండదు, పీటకు ధర ఉండదు. అదే కాలంలో న్యూయార్క్‌లో మరో వింత నడిచింది. శరదృతువు పండుగలకు హాళ్లు అద్దెకు తీసుకుని, టికెట్లు అమ్మి, పండుగ కాగానే మాయమయ్యే ప్రైవేటు ప్రార్థనశాలలు లేచేవి. వాటిని 'పుట్టగొడుగు సినగాగులు' అని వెక్కిరించేవారు. పీటల అమ్మకం క్రమంగా తగ్గి, 20వ శతాబ్దంలో కుటుంబానికి ఇంత అనే వార్షిక చందా స్థిరపడింది. ఈ పరిణామాన్ని డాన్ జడ్సన్ 2018లో వచ్చిన 'పెన్నీస్ ఫర్ హెవెన్' గ్రంథంలో వివరంగా రాశాడు.

రకాలు

స్థిర చందా: కుటుంబానికి, ఒంటరి వ్యక్తికి, వృద్ధులకు, కొత్తగా పెళ్లయినవారికి వేర్వేరు రేట్లు. అమెరికా నగరాల్లో కుటుంబ చందా ఏడాదికి వెయ్యి డాలర్లు దాటడం మామూలు. పెద్ద సినగాగుల్లో 3,000 దాటినవీ ఉన్నాయి.

ఆదాయాన్ని బట్టి చందా: కుటుంబ ఆదాయంలో ఇంత శాతం అని నిర్ణయిస్తారు. సూత్రంగా న్యాయమైనదే. కానీ ఆదాయం ఎంతో సభ్యులే నిజం చెప్పాలి, కమిటీ నమ్మాలి.

ఐచ్ఛిక చందా: సినగాగు తన ఏటి ఖర్చును సభ్యుల సంఖ్యతో భాగించి, ఒక్కో కుటుంబం వాటా ఇంత పడుతుందని చెబుతుంది. ఎంత ఇచ్చేదీ కుటుంబం ఇష్టం. న్యూయార్క్‌లోని యూజేఏ ఫెడరేషన్ అనే యూదు సంస్థ 2015లో ఈ పద్ధతికి మారిన సినగాగుల అనుభవాలతో ఒక మార్గదర్శిని ప్రచురించింది.

సభ్యత్వం లేని పద్ధతి: ఛబాద్ అనే యూదు మత ఉద్యమ కేంద్రాలు సాధారణంగా చందా అడగవు, విరాళాల మీద నడుస్తాయి.

రాజ్యం వసూలు చేసే పద్ధతి: జర్మనీలో చర్చి పన్నులాగే, పలు రాష్ట్రాల్లో యూదు సమాజాల సభ్యుల నుంచి ఆదాయపు పన్నుపై 8 లేదా 9 శాతం అదనంగా ప్రభుత్వమే వసూలు చేసి సమాజానికి ఇస్తుంది.

ఇంగ్లండులో 1870లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన యునైటెడ్ సినగాగ్ సభ్యత్వంలో అంత్యక్రియల పథకం కూడా భాగం. మామూలు రోజుల్లో మందిరం ముఖం చూడనివారు కూడా చందా మానకపోవడానికి ఇదొక కారణం.

చందాకు తోడయ్యే ఖర్చులు

చందా కట్టేస్తే సరిపోదు. భవన నిధి వేరు, పిల్లల మతపాఠశాల ఫీజు వేరు. కొడుక్కి 13 ఏళ్లు నిండాక జరిగే బార్ మిట్స్వా, కూతురి బాట్ మిట్స్వా వేడుకల శిక్షణకు, భవనం వాడుకకు మరికొంత. చాలా చోట్ల రోష్ హషానా (నూతన సంవత్సరం), యోమ్ కిప్పూర్ ప్రార్థనలకు సభ్యులకు ఉచితంగా, బయటివారికి డబ్బుకు టికెట్లు ఇస్తారు. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగులో కాల్పుల్లో 11 మంది చనిపోయాక, కాపలా ఖర్చు బడ్జెట్లలో పెద్ద పద్దుగా మారింది. అమెరికా ఆదాయపు పన్ను చట్టం కింద మతసంస్థకు కట్టిన చందా మీద మినహాయింపు పొందవచ్చు. పిల్లల బడి ఫీజుకు ఆ వెసులుబాటు లేదు.

కట్టలేనివారికి తగ్గింపు ఇవ్వడం దాదాపు అన్ని సినగాగుల్లోనూ ఉంది. చిక్కు అడగడంలో వస్తుంది. ఉద్యోగం పోయిన సభ్యుడు తన పరిస్థితి రాసి కోశాధికారికి పంపాలి. ఆ కోశాధికారి అతని పక్క వీధివాడే కావచ్చు, అతని పిల్లలు ఇతని పిల్లలతో ఒకే తరగతిలో ఉండవచ్చు. ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి ఆ ఉత్తరం రాయడం మాని, సభ్యత్వమే మానుకుంటాడు. ఐచ్ఛిక చందాను సమర్థించేవారు ముందుగా చెప్పే కారణం ఇదే. అయితే రబ్బీకి నెలనెలా జీతం ఇవ్వాల్సిన సంస్థ ఏటి ఆదాయం ఎంతో తెలియకుండా ఎలా నడుస్తుందన్న ఎదురు ప్రశ్న తేలిగ్గా తీసేయదగింది కాదు.

మతాంతర కుటుంబాలు

ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020 సర్వే ప్రకారం అమెరికాలో 2010 తర్వాత పెళ్లి చేసుకున్న యూదుల్లో 61 శాతం మందికి యూదులు కాని జీవిత భాగస్వాములున్నారు. కాబట్టి కుటుంబ చందా అన్నప్పుడు కుటుంబం అంటే ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. రిఫార్మ్ శాఖ సినగాగుల్లో మతాంతర కుటుంబాలు సాధారణంగా పూర్తి సభ్యులే. 1983లో ఆ శాఖ రబ్బీలు, తండ్రి మాత్రమే యూదుడైనా బిడ్డను యూదుగా పెంచితే యూదుగానే పరిగణించాలని తీర్మానించారు. కన్సర్వేటివ్ శాఖ 2017 మార్చిలో నిబంధన సవరించి, యూదులు కాని వారికి సభ్యత్వం ఇవ్వాలా వద్దా అన్నది ఆయా సినగాగులకే వదిలింది. ఆర్థోడాక్స్ శాఖలో సభ్యత్వం యూదులకే.

ఇద్దరి పేరా చందా తీసుకుని ఒక్కరికే ఓటు ఇచ్చే చోట అసంతృప్తి సహజం. శ్మశానం ఇంకా సున్నితమైన విషయం. దశాబ్దాలు చందా కట్టిన దంపతులను పక్కపక్కనే పూడ్చడానికి వీలుంటుందా అన్నది ఆ సినగాగు నియమాన్ని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల ఇందుకోసం ప్రత్యేక భాగం కేటాయించారు. భాగస్వామి మతం మారదలిస్తే నెలల తరబడి సాగే పాఠాలకు, స్నానవిధికి, ముగ్గురు సభ్యుల మతన్యాయ సభకు అయ్యే ఖర్చు వేరు.

అమెరికాలో తెలుగు–యూదు దంపతులకు ఈ తేడా ఇంట్లోనే ఎదురవుతుంది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం వంటి గుడిలో కౌంటరు దగ్గర ధరల పట్టీ ఉంటుంది. అర్చనకు ఇంత, అభిషేకానికి ఇంత, కల్యాణానికి ఇంత. వచ్చిన రోజు కడతారు, రాని రోజు లేదు. దర్శనానికి సభ్యత్వం అడగరు. సినగాగు బిల్లు ఏడాదికొకసారి, తరచు వేసవిలో, వెళ్లినా వెళ్లకపోయినా వస్తుంది. దీన్ని గుడితో పోల్చి చూసే జీవిత భాగస్వామికి అది అధికంగా తోస్తుంది. సరిగా పోల్చాలంటే తెలుగు సంఘంతో పోల్చాలి. తానా, ఆటా వంటి తెలుగు సంఘాల్లో సభ్యత్వ రుసుము, ఓటు హక్కు, ఎన్నికలు, వాటి చుట్టూ వివాదాలు అన్నీ ఉన్నాయి. సినగాగు గుడీ, బడీ, సంఘమూ కలిసిన సంస్థ.

భారతదేశంలో

దేశంలో 2011 జనగణన నాటికి యూదులు ఐదు వేల లోపే. కేంద్రం గుర్తించిన అల్పసంఖ్యాక మతాల్లో యూదు మతం లేదు. మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో రాష్ట్రస్థాయి గుర్తింపు ఇచ్చాయి. ఇక్కడి పాత సినగాగుల్లో ముఖ్యమైనవి కొన్ని ధనిక వర్తకుల దానంతో లేచినవి. ముంబయి బైకుల్లాలోని మాగెన్ డేవిడ్ (1860ల ఆరంభం), పుణెలోని ఓహెల్ డేవిడ్ (1867) డేవిడ్ ససూన్ కట్టించినవి. ముంబయి కోటప్రాంతంలోని కెనెసెత్ ఎలియాహూ (1884) ఆయన మనవడు జేకబ్ ససూన్ పేరుతో ముడిపడింది. ఇలాంటి చోట ట్రస్టు అండ ఉంటే చందా భారం తగ్గుతుంది. కొచ్చిలోని పరదేశి సినగాగు (1568)లో స్థానిక యూదులు దాదాపు లేరు. అక్కడ సందర్శకుల టికెట్టే కనిపించే రాబడి.

కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు నూనె గానుగలు ఆడేవారు. శనివారం గానుగ ఆపేవారు కాబట్టి మరాఠీలో వారిని 'శనివారపు తేలీలు' అన్నారు. తెలుగులో చెప్పాలంటే శనివారపు తెలికలవారు. గానుగ సొంతం కాబట్టి ఒక రోజు ఆపుకోగలిగారు. ఈ సంగతి కింద, తెలుగు యూదుల ఊరు కొత్తరెడ్డిపాలెం దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

నర్సీపట్నం ప్రాంతం: పోలిక

పోలికకు ఒక తెలుగు ప్రాంతాన్ని చూద్దాం. అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో సినగాగు లేదు. కానీ మందిరాన్ని ఎవరు పోషించాలన్న ప్రశ్నకు ఇక్కడ కూడా మూడు నాలుగు జవాబులున్నాయి. దేవాలయాలకు మాన్యాలు, హుండీ, టికెట్లు ఆధారం. వాటి మీద 1987 నాటి దేవాదాయ చట్టం కింద ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటుంది. మసీదులకు వక్ఫ్ ఆస్తి ఉంటే అది, లేకుంటే మహల్లా (పేట) చందా. ఈ ప్రాంతపు బాప్టిస్టు సంఘాల మూలం, 1874లో కాకినాడ కేంద్రంగా పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషన్.

చర్చిల పద్ధతి సినగాగుకు దగ్గరిది, అయినా వేరు. బాప్టిస్టు సంఘంలో సభ్యత్వం బాప్తిస్మంతో వస్తుంది, రుసుముతో కాదు. ఆ తర్వాత దశమభాగం, ఆదివారపు కానుక, పండుగ కానుక. తెలుగు క్రైస్తవంలో పేదలకు తగినట్టు రూపొందిన పద్ధతి పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది; వారం తిరిగేసరికి పోగైనది మందిరానికి చేరుతుంది. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గ్రామ సంఘాలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని ఇలాంటి ఇవ్వడాన్ని గట్టిగా ప్రోత్సహించాడు. కోత పండుగ నాడు రైతులు తెచ్చిన తొలిఫలాలను వేలం వేస్తారు. సంతలో పదుల రూపాయలు పలికే గుమ్మడికాయ అక్కడ వందలు పలుకుతుంది. కొన్నవాడే దాన్ని మళ్లీ వేలానికి ఇచ్చేయడమూ ఉంది. సినగాగుల్లో తోరా (ధర్మశాస్త్రం) గ్రంథం ముందుకు పిలిపించుకునే గౌరవాన్ని వేలం వేసే ఆచారం దీనికి దగ్గరి చుట్టం. అక్కడ పాట పాడినవాడు పండుగ వెళ్లాక డబ్బు కడతాడు, అంతే తేడా.

చూడండి: కోత పండుగ, మాన్యం, వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

కొత్తరెడ్డిపాలెం: బెనె ఎఫ్రాయిమ్

తెలుగు నేల మీద సినగాగు చూడాలంటే నర్సీపట్నం నుంచి విజయవాడ మీదుగా మూడు వందల కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే చిన్న సమాజం ఉంది. మాదిగ కులానికి చెందిన వీరు అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. శామ్యూల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు 1980ల నుంచి యూదు ఆచారాలను బోధించారు. 1990ల తొలినాళ్లలో ఊళ్లో ప్రార్థనామందిరం వెలిసింది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని వీరి విశ్వాసం. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజంపై 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ గుర్తింపును దళిత అస్తిత్వ పోరాటంతో కలిపి చూసింది. ఈశాన్య భారతంలోని బెనె మెనాషేలను ఇజ్రాయెల్ సెఫార్డిక్ ప్రధాన రబ్బీ 2005లో గుర్తించాడు. తెలుగు యూదులకు అలాంటి గుర్తింపు దక్కలేదు.

సభ్యుల్లో ఎక్కువ మంది వ్యవసాయ కూలీలు. మందిరం యాకోబి కుటుంబం పూనికతో నిలిచింది. అమెరికాలోని కులాను వంటి సంస్థల నుంచి సాయం అందింది. డాలర్లలో బిల్లు పంపే పద్ధతికి ఇక్కడ తావు లేదు. అలాగని యూదుగా ఉండటం ఉచితమూ కాదు. ఇక్కడి ఖర్చు రసీదులో కనిపించదు.

మొదటిది కులధ్రువీకరణ పత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారికి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ గ్రూపు కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ గ్రూపు నిర్వచనంలో యూదు అన్న మాట లేదు. మతం కాలమ్‌లో ఏం రాయాలన్న ప్రశ్నకు పిల్లల చదువు, ఉద్యోగం ముడిపడి ఉన్నాయి.

రెండోది శనివారం. కొంకణపు తెలికలవారిలా ఆపుకోవడానికి కూలివాడికి సొంత గానుగ లేదు. చేబ్రోలు చుట్టుపక్కల నాట్లు, కోతలు ముఠాలుగా నడుస్తాయి, పని ఉన్న రోజే కూలి. షబ్బత్ పాటించే మనిషి వారానికొక రోజు కూలి వదులుకోవాలి, కోతల కాలంలో కూడా. దానికి తగ్గింపు అడగడానికి కోశాధికారి ఎవరూ ఉండరు. శనివారం పిలిస్తే రాని మనిషిని ముఠా మేస్త్రి సోమవారం పిలుస్తాడన్న నమ్మకమూ లేదు.